కొండకు కారులో పోతున్నాం, బిడ్డను ఎక్కడ కూర్చోబెట్టాలి?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

తిరుపతి, చిత్తూరు వైపు పాఠకులు కారులో చిన్నపిల్లల సీట్ల గురించి అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. సీటును బిగించే తీరు మీద వచ్చిన ప్రశ్నలకు ఎక్కువ చోటు ఇచ్చాం. సీటు కొన్నవాళ్ళు కూడా ఎక్కువగా తప్పు చేసేది అక్కడే.

ప్రశ్న: మా బాబుకు నాలుగు నెలలు, 7 కిలోలు ఉన్నాడు. మొదటిసారి తిరుమల కొండకు తీసుకుపోవాలి. సీటు కొందామంటే మా అత్తమ్మ ఒప్పుకోవడం లేదు. ‘ఘాట్ రోడ్డులో బండ్లు నలభై దాటవు. నా ఒళ్ళో కన్నా భద్రమైన చోటు ఇంకేముంది?’ అంటున్నారు. ఆమెకు ఎట్లా నచ్చజెప్పాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: వాదన పెట్టుకోకుండా ఆమెకు ఒక లెక్క చెప్పండి. 40 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు పిట్టగోడకో, ముందున్న బస్సుకో తగిలి ఆగితే లోపల ఉన్నవాళ్ళకు తగిలే దెబ్బ 6 మీటర్ల ఎత్తు నుంచి, అంటే రెండంతస్తుల మిద్దె మీద నుంచి పడినంత ఉంటుంది. కారు ముందు భాగం అర మీటరు నలిగి ఆగిందనుకుందాం. ఆగడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. ఆ కాస్త సేపూ 7 కిలోల బాబు సగటున 85, 90 కిలోల బరువై ముందుకు పోతాడు. 25 కిలోల బియ్యం మూటలు మూడు ఒక్కసారిగా చేతుల్లోంచి జారితే ఎవరైనా పట్టుకోగలరా? ఆమె ప్రేమలో లోటు ఏమీ లేదు, మనిషి చేతులకు అంత బలం లేదు, అంతే. పైగా అది జరగబోతోందని చేతులకు తెలిసేలోపే అంతా అయిపోతుంది.

‘ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు పెట్టుకుంటాం’ అనేవాళ్ళూ ఉన్నారు. ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం కన్నా అది ఘోరం. గుద్దినప్పుడు పెద్దవాళ్ళ బరువంతా బిడ్డను బెల్టుకేసి నొక్కేస్తుంది. చీరతో కట్టుకున్నా, బేబీ క్యారియరులో ఎదకు వేసుకున్నా ఇదే ప్రమాదం.

కొండ దారి కాబట్టి నెమ్మది అన్నది నిజమే. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాల కన్నా ముందే చేరకూడదని నిబంధన కూడా ఉంది. అయితే ఆ దారిలో మలుపులు ఎక్కువ. దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కుతాయి, ఉన్నట్టుండి కోతి అడ్డం వస్తుంది, వానకాలంలో రాళ్ళు దొర్లుతాయి. ఏ ప్రమాదమూ జరగకుండా గట్టిగా ఒక్క బ్రేకు వేసినా చాలు, ఒళ్ళో ఉన్న బిడ్డ తల ముందు సీటుకు కొట్టుకుంటుంది. అలిపిరి చేరేదాకా ఊళ్ళో, బైపాసులో వేగం ఎటూ ఎక్కువే ఉంటుంది.

నాలుగు నెలల బాబుకు కావలసింది వెనక్కి తిరిగి ఉండే సీటు. బిడ్డ ముఖం కారు వెనక అద్దం వైపు ఉండాలి. దాన్ని వెనక సీటు మీదే బిగించాలి. ముందు సీటుకు ఎదురుగా ఎయిర్‌బ్యాగు ఉంటుంది. అది కన్నుమూసి తెరిచేలోపు విచ్చుకుని ఈ సీటు వీపు మీద, అంటే సరిగ్గా బిడ్డ తల వెనక కొడుతుంది. ప్రాణం పోయేంత దెబ్బ అది. అందుకే ఎయిర్‌బ్యాగు పనిచేస్తున్న ముందు సీటులో వెనక్కి తిరిగిన సీటు ఎన్నటికీ పెట్టకూడదు.

అత్తమ్మను వెనక సీటులో బాబు పక్కనే కూర్చోమనండి. చెయ్యి పట్టుకోవచ్చు, పాట పాడవచ్చు, పాలపీక అందించవచ్చు. ఆమె మాత్రం తప్పకుండా బెల్టు పెట్టుకోవాలి. బెల్టు లేని పెద్దవాళ్ళు ఎగిరి పిల్లల మీదే పడతారు.

ఇంకొక్క మాట. ఈ వయసులో మెడకు ఇంకా పూర్తి బలం రాదు. సీటు మరీ నిటారుగా ఉంటే తల ముందుకు వాలి గడ్డం ఎదకు ఆనుతుంది, ఊపిరి సరిగా అందదు. సుమారు 45 డిగ్రీలు వాల్చి ఉండాలి. చాలా సీట్లకు పక్కన వాలు చూపించే గీతో, చిన్న బుడగో ఉంటుంది. కారు చదునైన చోట ఆగి ఉన్నప్పుడే దాన్ని చూడాలి, ఘాట్ మీద కాదు. దూర ప్రయాణమైతే రెండు గంటలకు ఒకసారి, ఇంత చిన్న బిడ్డకు అంతకన్నా ముందే, ఆపి బయటికి తీసి కాసేపు పడుకోబెట్టండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే సీటులో ఎంతసేపు ఉంచవచ్చో డాక్టరును అడిగాకే బయలుదేరండి.

ప్రశ్న: మా పాపకు 11 నెలలు, 10 కిలోలు. వెనక్కి తిరిగిన సీటులో కాళ్ళు మడుచుకుపోతున్నాయి. ముందుకు తిప్పేయవచ్చా?
– చిత్తూరు

జవాబు: తిప్పకండి. కాళ్ళు మడుచుకోవడం చూసే మనకే ఇబ్బంది, పాపకు కాదు. నేల మీద కూర్చున్నప్పుడు పిల్లలు అట్లాగే కదా కూర్చుంటారు.

చిన్నపిల్లల్లో శరీర బరువులో తలకే పెద్ద వాటా. మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు, మధ్యలో మెత్తటి మృదులాస్థే ఎక్కువ. ముందుకు చూస్తూ కూర్చున్న బిడ్డకు గుద్దినప్పుడు భుజాలను బెల్టు ఆపుతుంది, తల మాత్రం ముందుకు పోతుంది. ఆ లాగుడంతా మెడ మీదే పడుతుంది. వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు మూడూ ఒకేసారి సీటు డొప్పలోకి ఒత్తుకుంటాయి, దెబ్బ పంచుకుపోతుంది.

ఆర్129 అనే యూరప్ ప్రమాణం ప్రకారం 15 నెలలు నిండకముందు ముందుకు తిప్పకూడదు. మా సలహా అయితే అక్కడా ఆగవద్దు. మీ సీటు మీద రాసిన బరువు లేదా ఎత్తు హద్దు దాటేదాకా వెనక్కే ఉంచండి. 13 కిలోల దాకా పనిచేసే చిన్న సీటులో పాప తల పైఅంచుకు చేరువైతే, 18 కిలోల దాకా వెనక్కి తిప్పి వాడుకోగల పెద్ద సీటుకు మారవచ్చు.

ప్రశ్న: ఆన్‌లైనులో సీటు కొన్నాం. మా కారులో ఐసోఫిక్స్ (పిల్లల సీటును నేరుగా తగిలించే కమ్మీలు) లేదు, కారు బెల్టుతోనే కట్టాం. మలుపు వచ్చినప్పుడల్లా సీటు ఒరిగిపోతోంది. భాకరాపేట ఘాట్ మీద అయితే పూర్తిగా పక్కకు వాలింది. సీటే బాగా లేదా?
– పీలేరు

జవాబు: సీటు మంచిదే అయి ఉండవచ్చు. బెల్టు సరైన దారిలో పోలేదు, లేదా వదులుగా ఉంది. ఇద్దరు కలిసి పావుగంట పెడితే సరిచేసుకోవచ్చు. ఈ వరసలో చూడండి.

మొదట కారు సీటు మీద ఏమేమి ఉన్నాయో తీసేయండి. దిండు, టవలు, పూసల పరుపు, ఏదీ ఉండకూడదు. షాపులో కుట్టించిన దళసరి లెదర్ కవరు జారుతుంది కూడా. దాని కింద స్పాంజి ఎక్కువగా వేసి ఉంటే, గుద్దినప్పుడు ఆ స్పాంజి అణిగిపోయి అంత మేరకు బెల్టు వదులవుతుంది. వెనక సీటుకైనా కంపెనీ గుడ్డ కవరే ఉంచడం మేలు.

తరవాత బెల్టు దారి. యూరప్ ప్రమాణం ఉన్న సీట్ల మీద బెల్టు పోవలసిన గాడుల దగ్గర రంగు గుర్తులు ఉంటాయి. నీలం అంటే వెనక్కి తిరిగినప్పటి దారి, ఎరుపు అంటే ముందుకు తిరిగినప్పటి దారి. రెండు రకాలుగా వాడే సీట్లలో జరిగే పెద్ద పొరపాటు ఇదే. సీటును వెనక్కి తిప్పి, బెల్టును ఎర్ర గాడిలోంచి దూరుస్తారు. చూడ్డానికి కట్టినట్టే ఉంటుంది కానీ సీటు బోర్లా పడిపోతుంది. నడుము బెల్టు, భుజం బెల్టు ఒక్కొక్కటి ఏ గాడిలోంచి పోవాలో సీటు పక్కన అంటించిన బొమ్మలో చూసుకుని దూర్చండి. ఎక్కడా మెలి పడకూడదు.

బకిల్ ‘టక్’ మన్నాక బిగించడం మొదలు. ఒకరు మోకాలు పిల్లల సీటులో కూర్చునే చోట ఆనించి బరువంతా మోపాలి. రెండోవాళ్ళు ముందు నడుము బెల్టును లాగి, ఆ వచ్చిన వదులును భుజం బెల్టులోకి తెచ్చి, దాన్ని పైకి, వెనక్కి, బెల్టు చుట్టుకునే వైపుకు లాగాలి. మోకాలు తీయకుండానే ఇది రెండు మూడు సార్లు చేయాలి. చాలామంది భుజం బెల్టు ఒక్కదాన్నే లాగి వదిలేస్తారు. నడుము బెల్టులో మిగిలిన వదులే మలుపుల్లో సీటును ఒరిగిస్తుంది.

ఇప్పుడు అసలు కిటుకు. మన కార్లలో చాలావాటి వెనక బెల్టులు గట్టి కుదుపు వస్తేనే బిగుసుకుంటాయి. మామూలుగా లాగితే వచ్చేస్తాయి. అందుకే ఎంత బిగించినా పది కిలోమీటర్లు పోయేసరికి మళ్ళీ వదులవుతుంది. దీనికోసం ముందుకు తిరిగే చాలా సీట్లకు ప్లాస్టిక్ క్లాంపు ఉంటుంది. భుజం బెల్టును లాగి పట్టుకుని అందులో పెట్టి మూస్తే ఇక జారదు. అది ఉందని కూడా తెలియకుండా ఏళ్ళ తరబడి వాడేవాళ్ళున్నారు. మీ సీటులో వెతకండి.

బకిల్ ఎక్కడ పడుతోందో కూడా చూడండి. బకిల్ కాడ మరీ పొడవుగా ఉంటే అది చైల్డ్ సీటు అంచు మీదికి ఎక్కి వంపు తిరుగుతుంది. ఆ వంపులో బకిల్ విరగవచ్చు, ఊడనూవచ్చు. అట్లా పడుతుంటే రెండో పక్క సీటులో పెట్టి చూడండి. అక్కడా అంతే అయితే ఆ సీటు మీ కారుకు సరిపడదు, మార్చుకోవలసిందే. వెనక్కి తిరిగే చిన్న సీట్లతో ఇంకో చిక్కు ఉంది. కొన్ని చిన్న కార్లలో బెల్టు పొడవు చాలక డొప్ప చుట్టూ తిరిగి రాదు. కాబట్టి కొనకముందే కారులో పెట్టి చూపించమని అడగాలి. ఆన్‌లైనులో అయితే వాపసు గడువు లోపలే పెట్టి చూడాలి.

కారు తలదిండు వల్ల సీటు వీపు వెనక ఖాళీ మిగిలితే దాన్ని పైకి ఎత్తండి, లేదా తీసి డిక్కీలో పెట్టండి.

చివరికి పరీక్ష. బెల్టు పోయే చోట సీటును చేత్తో పట్టుకుని కుడికీ ఎడమకూ గట్టిగా లాగండి. అంగుళం కన్నా ఎక్కువ కదిలితే మళ్ళీ మొదటి నుంచి చేయాలి. సీటు పైభాగాన్ని పట్టుకుని ఊపి ‘కదులుతోందే’ అని భయపడకండి. అక్కడ కొంత కదలిక మామూలే. మొదటి వారం ప్రతి ప్రయాణానికి ముందూ చూసుకుంటే ఆ తరవాత చేతికే తెలిసిపోతుంది.

ప్రశ్న: మా కారులో ఐసోఫిక్స్ ఉందన్నారు. ఎక్కడుందో కనిపించలేదు. డిక్కీలో ఉన్న కొక్కేనికి పై పట్టీ తగిలించాం, సరేనా?
– శ్రీకాళహస్తి

జవాబు: ఐసోఫిక్స్ అంటే కారు చట్రానికి అతికించిన రెండు ఇనుప కమ్మీలు. ఒక్కోటి 6 మిల్లీమీటర్ల మందం, రెండింటి మధ్య దూరం 28 సెంటీమీటర్లు. వెనక సీటు అడుగూ వీపూ కలిసే సందులో, కిటికీల పక్కనున్న రెండు చోట్లా ఉంటాయి. వేళ్ళు దూర్చి తడిమితే తగులుతాయి. మధ్య సీటుకు చాలా కార్లలో ఉండవు. ఒక సీటు లోపలి కమ్మీని, ఇంకో సీటు లోపలి కమ్మీని పట్టుకుని మధ్యలో బిగించకూడదు. మీకు కనిపించకపోవడానికి పైన కుట్టించిన కవరు కారణం కావచ్చు. కవరు వేసిన షాపులోనే ఆ రెండు చోట్లా కోసి అంచు కుట్టించుకోండి.

సీటు చేతులు కమ్మీలకు తగిలాక రెండు పక్కలా పచ్చ గుర్తు రావాలి. ఒక పక్క పచ్చ, ఒక పక్క ఎరుపు ఉంటే సగమే తగిలినట్టు. ఆ తరవాత సీటును వెనక్కి నెట్టి కారు సీటుకు ఆనించాలి.

పై పట్టీ, అంటే టాప్ టెథర్, గుద్దినప్పుడు సీటు తల భాగం ముందుకు తూలకుండా ఆపుతుంది. దాని లంగరు కొన్ని కార్లలో వెనక సీటు వీపుకు వెనకవైపు, కొన్నింటిలో వెనక అద్దం కింది పలక మీద ప్లాస్టిక్ మూత కింద ఉంటుంది. డిక్కీలో సామాను కట్టే కొక్కెం, సంచులు తగిలించే కొక్కెం వేరు. అవి ఈ బరువుకు ఊడివస్తాయి. కారు మాన్యువల్‌లో లంగరు గుర్తు బొమ్మ ఉంటుంది, దాన్ని చూసి తగిలించండి. పట్టీ తలదిండు చువ్వల మధ్య నుంచి పోయి బిగుతుగా ఉండాలి. కొన్ని సీట్లకు పై పట్టీ బదులు ముందు కాలు ఉంటుంది. అది కారు నేలకు గట్టిగా ఆనాలి. కారు నేలలో మూత ఉన్న గూడు ఉంటే దాని మీద కాలు మోపకూడదు.

ప్రశ్న: పాపకు పుట్టువెంట్రుకలు తీయించడానికి కొండకు పోతున్నాం. రెండున్నరేళ్ళు. పట్టు పావడా వేసి సీటు బెల్టులు బిగిస్తే ఏడుస్తుంది. కొంచెం వదులుగా పెట్టవచ్చా?
– చంద్రగిరి

జవాబు: వదులు పెట్టకండి, బట్ట మార్చండి. పావడా కుచ్చులు, జరీ అంచు బెల్టు కింద ముద్దగా చేరితే బెల్టు బిగిసినట్టు కనిపిస్తుంది కానీ ఒంటికి ఆనదు. గుద్దినప్పుడు ఆ గుడ్డ అణిగిపోయి పాప భుజాలు బెల్టుల్లోంచి జారిపోతాయి. తెల్లవారుజాము చలికి వేసే దళసరి స్వెట్టరుతోనూ అదే కథ. నూలు గౌను, లెగ్గింగ్ వేసి తీసుకుపోండి. పావడా కొండ మీదికి చేరాక కట్టవచ్చు. చలేస్తే ముందు బెల్టులు బిగించి, ఆ పైన దుప్పటి కప్పండి.

బిగుతు తెలుసుకోవడం సులభం. భుజం ఎముక దగ్గర బెల్టును రెండు వేళ్ళతో చిటికె పట్టండి. బెల్టు మడత వేళ్ళకు దొరికితే వదులు, వేళ్ళు జారిపోతే సరిపోయింది. ముందుకు తిరిగిన సీటులో భుజం బెల్టులు పాప భుజాలకు సమానంగా గానీ కాస్త పైనుంచి గానీ రావాలి. వెనక్కి తిరిగిన సీటులో అయితే సమానంగా గానీ కాస్త కిందనుంచి గానీ. పిల్లలు మూడు నెలల్లోనే పెరిగిపోతారు కాబట్టి ఇది అప్పుడప్పుడూ సరిచూసుకోవాలి.

ఏడుపుకు ఇంకో కారణం ఉందేమో చూడండి. మొలతాడు గొలుసు, తాయెత్తు, మెడలో బంగారు గొలుసు బెల్టు కింద పడి నొక్కుతున్నాయా? వాటిని పక్కకు జరపండి, లేదా ప్రయాణంలో తీసేయండి.

కల్యాణకట్టలో గుండు చేయించి గంధం పూశాక తల సీటుకు తగిలి మండుతుంటుంది, కవరూ పాడవుతుంది. పలచటి నూలు గుడ్డ ఒక్క పొర తల వెనక పరిస్తే చాలు. వీపు వెనక్కి గానీ బెల్టుల కిందికి గానీ అది రాకూడదు. మెత్తగా ఉంటుందని చిన్న దిండు పెట్టకండి, మెడ ముందుకు వంగిపోతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి ఆరేళ్ళు, 20 కిలోలు. కారు బెల్టు మెడకు కోసుకుంటోందని చంక కిందనుంచి పెట్టుకుంటుంది. కుప్పం నుంచి బెంగళూరు తరచుగా పోతుంటాం. కింద దిండు వేస్తే సరిపోతుందా?
– కుప్పం

జవాబు: దిండు వేస్తే చాలదు. అది అణుగుతుంది, జారుతుంది. బెల్టు నడుము మీద నుంచి పొట్ట మీదికి ఎక్కుతుంది. పెద్దవాళ్ళకు తుంటి ఎముక అంచు బెల్టును పట్టి ఉంచుతుంది. ఈ వయసు పిల్లలకు ఆ అంచు ఇంకా పొడుచుకు రాలేదు. అందుకే బెల్టు మెత్తటి పొట్టలోకి దిగి పేగులకు, వెన్నెముకకు దెబ్బ తగులుతుంది. చంక కిందనుంచి పెట్టుకుంటే పైభాగాన్ని ఆపేవి లేత పక్కటెముకలే. వాటి వెనకే కాలేయం, ప్లీహం ఉంటాయి. వీపు వెనకకు వేసుకుంటే ఇక పైభాగానికి అడ్డే లేదు.

మీకు కావలసింది వీపు ఉన్న బూస్టర్ సీటు. అది పాపను ఎత్తి కూర్చోబెడుతుంది. పక్కనున్న కొక్కేలు నడుము బెల్టును తొడల మీదికి దించి ఉంచుతాయి. తల పక్కనున్న గాడి భుజం బెల్టును మెడకు దూరంగా, భుజం మధ్యకు తెస్తుంది. నిద్రపోతే తల ఒరగకుండా ఆపుతుంది కూడా. వీపు లేని పలక బూస్టర్ చవక, కానీ 22 కిలోలు, 125 సెంటీమీటర్లు దాటాకే దాని సంగతి చూడండి.

బూస్టర్ ఎప్పుడు మానాలి? వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. సుమారు 150 సెంటీమీటర్ల దాకా అవసరం పడుతుంది. పాపను కారు సీటులో కూర్చోబెట్టి చూడండి. వీపు పూర్తిగా ఆని, మోకాళ్ళు సీటు అంచు దగ్గర మడతపడాలి. నడుము బెల్టు తొడల మొదట్లో, భుజం బెల్టు భుజం మధ్యలో పడాలి. దారి పొడవునా అట్లాగే కూర్చోగలగాలి. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా బూస్టర్ ఉండాల్సిందే. అద్దె కారులోనూ అమ్మమ్మ వాళ్ళ కారులోనూ ఇదే పరీక్ష మళ్ళీ చేయాలి, ఒక్కో కారు సీటు లోతు ఒక్కో రకం.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా మరిది తన పిల్లల సీటు ఇస్తానంటున్నాడు. ఇక్కడ వాడుకోవచ్చా?
– తిరుపతి

జవాబు: సీటు చరిత్ర తెలిసినవాళ్ళు ఇస్తున్నారు కాబట్టి ముందు రెండు అడగండి. అది ప్రమాదానికి గురైందా? తయారైన తేదీ ఏది? గుద్దుకున్న కారులో ఉన్న సీటును, పైకి గీత కూడా లేకపోయినా, వాడకూడదు. లోపలి ప్లాస్టిక్ చిట్లి ఉండవచ్చు. సీటు అడుగున గడువు తేదీ ఉంటుంది. సాధారణంగా 6 నుంచి 10 ఏళ్ళు. మన ఎండకు ప్లాస్టిక్ ఇంకా తొందరగా పెళుసెక్కుతుంది కాబట్టి గడువు దగ్గరపడిన సీటు తీసుకోకపోవడమే మంచిది.

అమెరికా సీట్లతో ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. అక్కడి కార్ల వెనక బెల్టులు పూర్తిగా బయటికి లాగితే తాళం పడతాయి. అందువల్ల చాలా సీట్లకు క్లాంపు ఉండదు. ఆ తాళం లేని మన కారులో ఆ సీటు ఎంత బిగించినా వదులవుతూనే ఉంటుంది. మీ కారులో ఐసోఫిక్స్ కమ్మీలు ఉంటే అక్కడి సీటు కొక్కేలు వాటికి తగులుతాయి, అప్పుడు వాడుకోవచ్చు. ఆ కొక్కేలకు బరువు హద్దు ఉంటుంది, సీటు మీద రాసినది చదవండి.

తెలియనివాళ్ళ దగ్గర పాత సీటు మాత్రం కొనకండి. కొత్తది కొనేటప్పుడు కాషాయం రంగు లేబులు చూడండి. అందులో వృత్తం లోపల ఇంగ్లీషు ‘E’ అక్షరం, పక్కన ఒక అంకె ఉంటాయి. పాత యూరప్ ప్రమాణం ఆర్44 అయితే ఆమోద సంఖ్య 03తో గానీ 04తో గానీ మొదలవ్వాలి. మన దేశ ప్రమాణం పేరు ఏఐఎస్-072. నాలుగైదు వందలకు దొరికే, కారు సీటుకు పట్టీతో కట్టే గుడ్డ ‘సీట్లు’ ఏ ప్రమాణానికీ నిలవవు.

ప్రశ్న: రేణిగుంటలో దిగి టాక్సీలో కొండకు పోతాం. టాక్సీలో సీటు ఉండదు కదా, ఏం చేయాలి?
– చెన్నై నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ సీటు వెంట తెచ్చుకోండి. బుక్ చేసేటప్పుడే ‘వెనక బెల్టులు, బకిళ్ళు పనిచేస్తున్నాయా?’ అని అడగండి. చాలా టాక్సీల్లో బకిళ్ళు కవరు కింద కూరుకుపోయి ఉంటాయి. డ్రైవరన్నను ఐదు నిమిషాలు ఆగమని అడిగి బిగించుకోండి. వెనక ఎదురెదురుగా పక్క బల్లలు ఉన్న జీపులో చైల్డ్ సీటు బిగించే వీలే లేదు. పిల్లలున్నప్పుడు ఆ బండి వద్దు. సీటు తేలేకపోతే కారు కన్నా బస్సు మేలు. బరువైన బండి కాబట్టి చిన్న దెబ్బలకు లోపలివాళ్ళకు కుదుపు తక్కువ తగులుతుంది.

ప్రశ్న: సీటు లేకపోతే జరిమానా ఉందా? స్కూటీ మీద తీసుకుపోతే?
– పుంగనూరు

జవాబు: ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లలను బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకుండా కారులో తీసుకుపోతే 1,000 రూపాయలు. స్కూటీ, బైకుల మీద నాలుగేళ్ళ లోపు పిల్లలకు నడిపేవాళ్ళతో కలిపి కట్టే పట్టీ, తొమ్మిది నెలలు దాటినవాళ్ళకు తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి. వేగం 40 దాటకూడదు. ఈ నిబంధనలు 2022లో వచ్చి 2023 నుంచి అమలయ్యాయి. బిడ్డను ముందు కాళ్ళు పెట్టుకునే చోట నిలబెట్టడం దయచేసి మానేయండి. గట్టిగా బ్రేకు వేస్తే మొదట హ్యాండిలుకు కొట్టుకునేది ఆ నోరే.

ప్రశ్న: ఘాట్ ఎక్కేటప్పుడు మా వాడు తప్పకుండా వాంతి చేసుకుంటాడు. సీటు ఎట్లా కడగాలి? ఎండాకాలంలో సీటు కాలిపోతోంది, దానికేం చేయాలి?
– తిరుపతి

జవాబు: ముందు ఎండ సంగతి. మే నెలలో మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది. ఎండలో ఆపిన కారులో బకిల్ ఇనుము తొడకు తగిలితే బొబ్బ ఎక్కుతుంది. ఆపినప్పుడు సీటు మీద తెల్ల పంచె కప్పండి. ఎక్కించే ముందు బకిల్‌ను మీ మణికట్టు లోపలి వైపు ఆనించి చూడండి. బిడ్డ నిద్రపోతున్నాడని ఒక్క నిమిషం కూడా కారులో వదలకండి. అద్దాలు మూసిన కారులో పది నిమిషాల్లోనే వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. పిల్లల ఒళ్ళు మనకన్నా ఎంతో తొందరగా వేడెక్కుతుంది. ఇంటి దగ్గర ఆపినప్పుడు కూడా తాళం వేసి ఉంచండి. ఆటలో పిల్లలు లోపలికి దూరి తలుపు వేసుకుని బయటికి రాలేకపోతారు.

వాంతికి, బయలుదేరే గంట ముందు కడుపు నిండా పెట్టకండి. ముందు అద్దంలోంచి దూరం కనిపించేటట్టు ఉంటే కొంత నయం, ఫోను చూపిస్తే ఎక్కువవుతుంది. వాంతి వచ్చిందని నడుస్తున్న బండిలో బెల్టు విప్పి బయటికి తీయకండి. ముందు బండి పక్కకు ఆపండి. మెడకు టవలు కట్టాలంటే బెల్టుల పైన కట్టండి.

కడిగేటప్పుడు కవరు విప్పకముందు బెల్టులు ఎట్లా పోయాయో ఫోనులో నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి. తిరిగి తొడిగేటప్పుడు బెల్టు తప్పు గాడిలో దూరడం అన్నది కడిగిన మర్నాడు తరచుగా జరిగే పొరపాటు. కవరును లేబులు మీద చెప్పినట్టు ఉతకండి. బెల్టులను మాత్రం నానబెట్టకూడదు, మెషీనులో వేయకూడదు, డెట్టాల్, బ్లీచింగ్ తగలనీయకూడదు. వాటి పోగులు బలహీనపడతాయి. తడిగుడ్డకు కాస్త మెత్తని సబ్బు రాసి తుడిచి, మళ్ళీ మంచినీళ్ళ గుడ్డతో తుడవండి. బకిల్‌లో వాంతి ఎండితే ‘టక్’ మనదు, సగమే పట్టుకుంటుంది. గోరువెచ్చని నీళ్ళు పోసి నొక్కుతూ వదులుతూ కడగండి. నూనె, గ్రీజు వేయకండి, వాటికి దుమ్ము పట్టి ఇంకా బిగుసుకుపోతుంది.

కవరును నీడలో ఆరబెట్టండి. అది ఆరేదాకా డొప్ప మీదే దుప్పటి పరిచి కూర్చోబెట్టకండి. ఆ కవరు కూడా సీటుతో కలిపి పరీక్షించినదే. తొడిగాక ఫోటోలతో పోల్చి, బెల్టు మెలి లేదని, బకిల్ ‘టక్’ మంటోందని రెండు సార్లు చూసుకున్నాకే పిల్లవాణ్ణి ఎక్కించండి.